ఓటీజీలో చికెన్ క్యాస్రోల్: ఏడింటికి ఇల్లు చేరేవాళ్లకి అయ్యే పనేనా?

రాజమండ్రి టు మారతహళ్లి:

అందరికీ నమస్తే. మా ఇంట్లో ముప్పై లీటర్ల ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఒవెన్, ఒకటి ఉంది. పుట్టినరోజులకి కేకు, పిల్లాడు మారాం చేస్తే పిజ్జా, అంతకు మించి దానికి పని లేదు. మిగతా రోజుల్లో దాని మీద ఉల్లిపాయల బుట్ట కూర్చుంటుంది.

సంగతేంటంటే, ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి నాకు ఏడవుతుంది. అదీ బెంగళూరు రింగ్ రోడ్డు కరుణిస్తే. బాబుకి ఆరేళ్లు, తొమ్మిదికల్లా పడుకోవాలి కాబట్టి ఎనిమిదిన్నరకి కంచాలు పెట్టెయ్యాలి. ఈ మధ్యలో వాడి హోంవర్కు, అత్తయ్యగారి మందులు, రేపటి టిఫిన్‌కి ఏర్పాట్లు. పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతూ ఉంటే మిగతావన్నీ ఆగిపోతాయి. అందుకే క్యాస్రోల్ అంటారే, అలా అన్నమూ చికెనూ ఒకే గిన్నెలో సర్ది ఓటీజీలోకి తోసేసి నా పనులు నేను చూసుకోవచ్చు కదా అనిపించింది.

వెతికితే దొరికేవన్నీ అమెరికా వంటలు. ప్రతిదాంట్లోనూ ఒక డబ్బా క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్, ఒక కప్పు సోర్ క్రీమ్. ఇక్కడ పెద్ద సూపర్‌మార్కెట్లో ఆ సూప్ డబ్బా కనిపించింది కానీ ధర చూసి మళ్లీ అరలోనే పెట్టేశాను.

మన షాపుల్లో దొరికేవాటితో ఇది కుదురుతుందా? బియ్యం పచ్చిగా వేస్తారా, ముందే వండి వేస్తారా? బోన్‌లెస్ అంటే బ్రెస్టేనా? గాజు గిన్నె కొనాలా? ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఆయనది గుంటూరు, కారం లేకపోతే అది ఆయనకి పథ్యం కింద లెక్క. బాబుకేమో మిరియం కనిపిస్తేనే కంట్లో నీళ్లు. కొంచెం అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

రెండు విజిల్స్:

ఎందుకండీ ఇంత టెన్షన్? కుక్కర్లో చికెన్ పలావు పెట్టండి. మసాలా వేయించడానికి పది నిమిషాలు, రెండు విజిల్స్, ఆవిరి దిగేదాకా ఇంకో పది. ఎనిమిదికల్లా భోజనాలు అయిపోతాయి. ఆ ఓటీజీ కరెంటు బిల్లు కూడా మిగుల్తుంది. ఉల్లిపాయల బుట్టని అక్కడే ఉంచండి.

నైట్ డ్యూటీ నాన్న:

విజిల్స్ గారి మాట కొట్టిపారెయ్యను. గడియారం పెట్టి చూస్తే కుక్కరే గెలుస్తుంది. కాకపోతే ఆవిడ అడిగింది త్వరగా అయ్యే వంట కాదు, దగ్గర నిలబడక్కర్లేని వంట. ఆ రెండూ వేరు.

నా సంగతి చెప్తాను. మాది ఒంగోలు, ఉండేది కేఆర్ పురం. మా ఆవిడ నర్సు, చాలా వారాలు ఆమెకి రాత్రి డ్యూటీ. ఇద్దరు పిల్లలు, నేను. వారం మధ్యలో రాత్రి వంట నాదే. ఓటీజీ మీద ప్రేమతో కాదు, అది చేతులు ఖాళీ చేస్తుంది కాబట్టి ఈ వంట పట్టుకున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: గిన్నెలోకి చల్లటిదేదీ వెళ్లకూడదు. అమెరికా వంటల్లో అన్నీ పచ్చిగా, చల్లగా కలిపేసి గంటకు పైగా ఒవెన్లో పెట్టమంటారు. వాళ్ల ఒవెన్లు పెద్దవి, భోజనం వేళలు వేరు. మన ఓటీజీకి చల్లటి పాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్, కుళాయి నీళ్లు ఇచ్చామంటే అది మరుగు పట్టడానికే అరగంట పైన తింటుంది. అసలు ఉడకడం ఆ తర్వాతే మొదలు. గాలి వేడిని అందించడంలో చాలా పిసినారి. 190 డిగ్రీల ఒవెన్లో చెయ్యి ఒక్క క్షణం పెట్టి తీసెయ్యగలం, మరిగే నీళ్లలో పెట్టగలమా? కాబట్టి మరిగించే పని గ్యాస్ పొయ్యికి అప్పగించండి. ఆ మరుగుని పట్టి ఉంచే పని మాత్రం ఓటీజీది. ఈ ఒక్కటి పాటిస్తే మీ గంటన్నరలో ఇది సుఖంగా అయిపోతుంది.

ఇక సూప్ డబ్బా. దాన్ని చూసి భయపడాల్సిందేమీ లేదు. క్యాంప్‌బెల్ కంపెనీ 1934లో క్రీమ్ ఆఫ్ మష్రూమ్ సూప్ డబ్బా తెచ్చింది. వెన్న, మైదా, పాలు కలిపి సాస్ కాచే ఓపిక లేని ఇల్లాళ్లు దాన్నే సాస్‌గా గిన్నెలో గుమ్మరించడం మొదలుపెట్టారు. అంటే ఆ డబ్బా మన వైట్ సాస్‌కి బదులే. మనం ఆ అసలు సాస్‌నే చేసుకుందాం, నాలుగు నిమిషాల పని. దానికి వేరే గిన్నె కూడా అక్కర్లేదు, చికెన్ వేయించే మూకుట్లోనే అయిపోతుంది.

చికెన్. షాపులో ఉత్తి బోన్‌లెస్ అంటే చాలాచోట్ల బ్రెస్టే కొట్టి ఇస్తారు. లెగ్ బోన్‌లెస్ అని నొక్కి అడగండి. కొంచెం ధర ఎక్కువ, కాసేపు ఆగమంటారు, ఆగండి. బ్రెస్ట్‌లో కొవ్వు తక్కువ, ఈ గిన్నెలో నలభై నిమిషాలు ఉంటే పీచులు పీచులుగా అయిపోతుంది. తొడ మాంసం అలా కాదు, ఎక్కువసేపు ఉడికేకొద్దీ మెత్తబడుతుంది. మీరు హోంవర్కులో పడి పది నిమిషాలు మర్చిపోయినా అది అలగదు. వారం మధ్య వంటకి ఇంతకంటే మంచి గుణం ఏముంటుంది?

నలుగురికి నా లెక్క: లెగ్ బోన్‌లెస్ 600 గ్రాములు, బాస్మతి ఒకటిన్నర కప్పు, పాలు రెండు కప్పులు, మరిగే నీళ్లు ఒకటిముప్పావు కప్పు. అన్నిటికీ ఒకటే కప్పు, 240 మిల్లీలీటర్లది. వెన్న రెండు పెద్ద చెంచాలు, మైదా రెండు పెద్ద చెంచాలు. రెండు ఉల్లిపాయలు, ఆరేడు వెల్లుల్లి రేకలు, ఒక క్యారెట్, ఒక క్యాప్సికం, గుప్పెడు బఠాణీ. కూరగాయల్లో మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, ఒక్క టమాటా తప్ప. పుల్లటి టమాటా పడితే పాలు విరగొచ్చు.

పొద్దున్న ఆఫీసుకి వెళ్లేముందు చికెన్ అంగుళంన్నర ముక్కలు చేసి ఉప్పు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడతాను. ఉల్లిపాయలు, కూరగాయలు తరిగి ఇంకో డబ్బాలో. బియ్యం మాత్రం పొద్దున్నే నానబెట్టకండి, సాయంత్రానికి చేత్తో ముట్టుకుంటే విరిగిపోతాయి.

ఏడింటికి ఇంట్లోకి రాగానే, చెప్పులు విప్పేలోపే అనుకోండి, ఓటీజీ 200 డిగ్రీల మీద వెయ్యండి, పైరాడ్డూ కిందరాడ్డూ రెండూ. బియ్యం కడిగి నానెయ్యండి. నీళ్లు కెటిల్లో పెట్టండి. కాళ్లు కడుక్కుని వచ్చి మూకుడు పొయ్యి మీద పెట్టి వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి రెండు నిమిషాలు, తర్వాత చికెన్. ముక్క ఉడకక్కర్లేదు. పైన గులాబి రంగు పోయి తెల్లబడితే చాలు, నాలుగైదు నిమిషాలు. ఇప్పుడు మైదా దాని మీదే చల్లి, మాడకుండా ఒక నిమిషం తిప్పండి. ముక్కలకి పిండి పట్టుకున్నాక వెచ్చటి పాలు కొంచెం కొంచెంగా పొయ్యండి. మైదా ఇలా ముక్కలకి అంటుకుని ఉంటే ఉండలు కట్టదు. నందిని నీలం ప్యాకెట్ పాలు చాలు, ఎక్కువ వెన్న ఉన్నవి అక్కర్లేదు. మూడు నాలుగు నిమిషాల్లో గరిటెకి పట్టేంత చిక్కనవుతుంది. కూరగాయలు వేసి ఉప్పు చూడండి. ఈ దశలో కాస్త ఎక్కువైందే అనిపించాలి. బియ్యం ఉడికేటప్పుడు ఆ ఉప్పంతా లాగేసుకుంటుంది.

గిన్నెకి వెన్న రాసి నానిన బియ్యం నీళ్లు వంచి అడుగున సమంగా పరచండి. దాని మీద మూకుట్లోదంతా, ఆపైన మరిగే నీళ్లు. గరిటెతో ఒక్కసారి కలిపి, బియ్యం ఎక్కడా పైకి తేలకుండా నొక్కండి. నీళ్ల పైకి వచ్చిన గింజ ఎన్ని గంటలైనా గింజగానే ఉంటుంది. చాలామందికి ఈ వంట మీద నమ్మకం పోయేది అక్కడే. అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు వేసి అంచుల చుట్టూ గట్టిగా నొక్కాలి. ఆవిరి పోయిందంటే అన్నం పోయినట్టే.

ఏడున్నరకి లోపల పెట్టి వేడి 190కి తగ్గించండి. నలభై నిమిషాలు ఆ వైపు చూడొద్దు. ఈ నలభై నిమిషాల కోసమే ఇదంతా. ఎనిమిదీ పదికి ఫాయిల్ తీసి, మీకు ఇష్టమైతే కొంచెం చీజ్ తురిమి, పైరాడ్డు ఒక్కటే పెట్టి ఏడెనిమిది నిమిషాలు. బయటికి తీశాక పది నిమిషాలు ముట్టుకోకండి. తీసినప్పుడు పైన జావలా కనిపిస్తుంది, ఆ పది నిమిషాల్లో అన్నం దాన్ని పీల్చేసుకుని దగ్గరపడుతుంది. చీజ్ గురించి నా అభిప్రాయం అడిగితే, గుప్పెడు చాలు. అర కిలో చీజ్ కింద ఏది పెట్టినా బావుంటుంది, అందులో వంటవాడి గొప్పేముంది?

గుంటూరు వారి సమస్య: గిన్నెలో కారం కలపకండి. పులుసు పారుతుంది కాబట్టి సగం వైపే వేశాననుకున్నా మొత్తానికీ అంటుతుంది. బయటికి తీశాక చిన్న గరిటెలో నెయ్యి కాచి ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, స్టవ్ ఆపి వెల్లుల్లి కారం ఒక చెంచా వేసి, ఆ తాలింపు ఆయన సగం మీద పొయ్యండి. చుయ్ మనే శబ్దానికే సగం కడుపు నిండుతుంది.

రాజమండ్రి టు మారతహళ్లి:

నాన్న గారూ, ఇది జవాబు కాదు, వంటల క్లాసు! చాలా థ్యాంక్స్. మైదా చికెన్ మీదే చల్లడం నాకు తట్టేదే కాదు. రెండు చిన్న డౌట్లు. ఇంట్లో రోజూ వాడేది సోనా మసూరి, అది వెయ్యొచ్చా? ఇంకోటి, మా అత్తయ్యగారు పాలూ కోడిమాంసమూ కలిపి వండితే ముట్టుకోరు. చర్మానికి మంచిది కాదంటారు. ఆవిడకి వేరే కూర చేస్తే ఒక్క గిన్నె అన్న మాటకి అర్థం లేదు.

కోనసీమ కొబ్బరి:

అత్తయ్యగారి దగ్గర వాదన పెట్టుకోకండి, అందులో గెలిచినా ఓడినట్టే. పాల బదులు కొబ్బరి పాలు పొయ్యండి. మా అమలాపురం వైపు కొబ్బరి అన్నంలో కోడి మాంసం ముక్క పడితే అడగక్కర్లేదు, ఇది దానికి దగ్గరి చుట్టమే.

రెండు కాయలు కొట్టి తురిమి పిండమని చెప్పను, వారం మధ్యలో అది అయ్యే పని కాదు. 200 మిల్లీల డబ్బా కొబ్బరి పాలు అన్ని షాపుల్లో ఉంటాయి. ఒక డబ్బాకి అంతే వేడి నీళ్లు కలిపితే నాన్న గారు చెప్పిన రెండు కప్పుల పాలకి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది, మిగతా మరిగే నీళ్లు ఆయన లెక్కే. వెన్న బదులు కొబ్బరి నూనె లేదా మామూలు నూనె. మైదా కూడా ఒక చెంచాకి తగ్గించండి, కొబ్బరి పాలకి సొంత చిక్కదనం ఉంటుంది. గళగళా మరగనివ్వకండి, విరుగుతాయి. అంచులు కదలగానే గిన్నెలోకి ఒంపెయ్యండి. రెండు పచ్చిమిర్చి నిలువునా చీల్చి వేస్తే వాసన వస్తుంది, పిల్లాడికి కారం తగలదు, వడ్డించేటప్పుడు తీసెయ్యండి. నాలుగు జీడిపప్పులు కూడా.

పైన చీజ్ మాత్రం దీనికి నప్పదు. నేను జయనగర్‌లో ఉంటాను, మా వీధి చివర అయ్యంగార్ బేకరీలో రస్కులు దొరుకుతాయి. తియ్యటివి కాదు, ఖారా టోస్ట్ అని పచ్చిమిర్చి వేసినవి అడగండి. రెండు ముక్కలు చేత్తో నలిపి, చెంచాడు నెయ్యి పట్టించి చల్లితే పైపొర కరకరలాడుతుంది. ఆ రస్కు పొడి కోసమే మా ఇంట్లో ఇది చేయమని అడుగుతారు.

నైట్ డ్యూటీ నాన్న:

కొబ్బరి గారి ఐడియా నాకు నచ్చింది, ఖారా టోస్ట్ ఇంకా నచ్చింది. ఈ వారం మా పిల్లల మీద ప్రయోగిస్తాను.

సోనా మసూరి వెయ్యొచ్చు, నేనూ వేస్తుంటాను. పలుకుపలుకుగా రాదు, పిడచ కడుతుంది. చిన్నపిల్లలకి ఆ మెత్తదనమే ఇష్టం. పాత బియ్యమైతే నీళ్లు నా లెక్కే ఉంచండి, కొత్త బియ్యమైతే పావు కప్పు తగ్గించండి. బియ్యం పాతబడేకొద్దీ నీళ్లు ఎక్కువ తాగుతాయి కదా, మీరు రోజూ వండేదాన్ని బట్టి మీకే తెలుస్తుంది. నానబెట్టడం పదిహేను నిమిషాలు చాలు. దంపుడు బియ్యం మాత్రం వద్దు. అవి ఉడికేసరికి చికెన్ కరిగిపోతుంది.

సోర్ క్రీమ్ గురించి మొదటిసారి చెప్పడం మర్చిపోయాను. గట్టి పెరుగు గుడ్డలో కాసేపు వేలాడదీస్తే దానికి దగ్గరగా వస్తుంది, కాకపోతే వేడికి విరుగుతుంది. అర కప్పు పెరుగులో చెంచాడు శనగపిండి కలిపితే నిలబడుతుంది. నిజం చెప్పాలంటే, ఇది లేకపోయినా లోటు తెలియదు. చివర్లో అర నిమ్మచెక్క పిండండి, ఆ పులుపే సరిపోతుంది.

హెచ్ఎస్ఆర్ అద్దె గది:

గిన్నె గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తాను. గాజు గిన్నె కొనకండి. ఫోటోకి బావుంటుంది, బల్ల మీద పెట్టుకోవడానికి బావుంటుంది. కానీ గాజు నిదానంగా వేడెక్కుతుంది, నాన్న గారి టైం లెక్కకి ఇంకో పది నిమిషాలు కలుపుకోవాలి. పొద్దున్నే అన్నీ గాజు గిన్నెలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం నేరుగా వేడి ఒవెన్లోకి తోస్తే పగిలే ప్రమాదం కూడా ఉంది. మూడు లీటర్లు పట్టే వెడల్పాటి స్టీల్ గిన్నె ఇంట్లో ఉంటుంది కదా, ప్లాస్టిక్ పిడులు లేకపోతే అదే చాలు. లోతు గిన్నె వద్దు, అడుగు మెత్తబడి పైన పలుకు ఉంటుంది.

స్టీలే ఎందుకంటే ఇంకో కారణం ఉంది: కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వాన మొదలైతే బెంగళూరులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఓటీజీలు 1500 నుంచి 2000 వాట్ల దాకా లాగుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ దాన్ని మొయ్యదు. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఉన్నప్పుడు ఒక్కో ఫ్లాటుకి ఇంతే అని హద్దు ఉంటుంది. మా బిల్డింగులో అది ఒక కిలోవాటు, ఓటీజీ వేస్తే ఫ్లాట్ మొత్తం ట్రిప్. అప్పుడు గాజు గిన్నెలో సగం ఉడికిన అన్నాన్ని ఏం చేస్తారు? స్టీల్ గిన్నె అయితే ఫాయిల్ తియ్యకుండా పైన బరువైన పళ్లెం మూత పెట్టి, పెనం మీదకి ఎక్కించి సన్నని మంట మీద దమ్ లాగా ఇరవై నిమిషాలు. పైన ఎర్రగా రాదు, భోజనం మాత్రం ఆగదు.

అన్నట్టు, ఓటీజీని గీజర్ లాంటి వాటికి వాడే పెద్ద 16 ఆంప్స్ సాకెట్లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి దాంట్లోనే మిక్సీ కూడా గుచ్చేవాళ్లని చూశాను.

రెండు విజిల్స్:

అంటే చివరికి పొయ్యి మీద దమ్‌కే వచ్చారన్నమాట. నేను ముందే చెప్పానా లేదా? 😄

నైట్ డ్యూటీ నాన్న:

వాన రోజుల్లో మీదే రాజ్యం అండీ, ఒప్పుకుంటున్నా.

రిటైర్డ్ సైన్స్ మాస్టారు:

ఒక చిన్న విషయం కలుపుతాను. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకి కాదు, 97 దగ్గరే మరుగుతాయి. రాజమండ్రిలో మీ అమ్మగారు పావుగంటలో వార్చే అన్నానికి ఇక్కడ ఇంకో రెండు మూడు నిమిషాలు పట్టడానికి కారణం అదే. కుక్కర్లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ తేడా తెలియదు. ఫాయిల్ మూతకి ఒత్తిడి నిలవదు కాబట్టి తెలుస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లు రాసిన టైంకి ఇక్కడ ఒక ఐదు నిమిషాలు కలుపుకుంటే బియ్యం పలుకు ఉండదు. ఒవెన్ వేడి పెంచితే లాభం లేదు, గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపు లోపలి వేడి ఆ 97 దాటదు. పెంచితే అంచులే మాడతాయి.

చికెన్ విషయంలో భయం అక్కర్లేదు. ముక్క మధ్యలో 74 డిగ్రీలు వస్తే తినడానికి సురక్షితం. మరిగే సాస్‌లో నలభై నిమిషాలు ఉన్న అంగుళంన్నర ముక్క ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. నమ్మకం కుదరకపోతే గుచ్చి చూసే థర్మామీటర్ కొనుక్కోండి. రంగు చూసి నిర్ణయించకండి, ఎముక దగ్గరి మాంసం బాగా ఉడికినా గులాబిగా ఉండొచ్చు.

నైట్ డ్యూటీ నాన్న:

మాస్టారూ, నా నలభై నిమిషాలు కేఆర్ పురం నలభై, ఆ మూడు డిగ్రీలు అందులోనే ఉన్నాయి. అయినా మొదటిసారి చేసేవాళ్లు నలభై అయ్యాక ఫాయిల్ ఒక మూల ఎత్తి మధ్యలోంచి నాలుగు మెతుకులు తీసి చూడటం మంచిది. అంచుల్లో కాదు, మధ్యలో. పలుకు ఉంటే రెండు గరిటెల మరిగే నీళ్లు చిలకరించి, మళ్లీ మూసి ఏడెనిమిది నిమిషాలు. ఓటీజీలన్నీ ఒకేలా ఉండవు. మీట మీద 190 అని ఉన్నా లోపల 170 ఉండే బాపతువి చాలా ఉన్నాయి.

రాజమండ్రి టు మారతహళ్లి:

కొబ్బరి పాలతో చేశాను, సోనా మసూరి, స్టీల్ గిన్నె. నలభై నిమిషాలకి మధ్యలో కొద్దిగా పలుకు ఉంది, నాన్న గారు చెప్పినట్టే నీళ్లు చిలకరించి మళ్లీ పెట్టాను. ఎనిమిదీ ముప్పై ఐదుకి తిన్నాం. ఆ మధ్యలో హోంవర్కు పూర్తయింది, నేను కాఫీ కూడా తాగాను, కూర్చుని!

అత్తయ్యగారు ముందు ఇది ఏ ఊరి వంట అని అడిగారు. కొబ్బరి అన్నం అన్నాను. రెండోసారి వడ్డించుకున్నారు కాబట్టి పూర్తి వివరాల్లోకి వెళ్లలేదు. మా ఆయన తాలింపు పోసుకుని, అదీ చాలక ఆవకాయ కూడా తెచ్చుకున్నారు, అది వేరే కథ. ఖారా టోస్ట్ దొరకలేదు, మామూలు రస్కు కొంచెం తియ్యగా తగిలింది. కొబ్బరి గారూ, మారతహళ్లి వైపు ఎక్కడైనా తెలిస్తే చెప్పండి.

ఒక పెద్ద గిన్నెడు మిగిలింది. పొద్దున్న బాబు లంచ్ బాక్స్‌లో పెట్టొచ్చా?

కోనసీమ కొబ్బరి:

మీ ఏరియాలో ఏ అయ్యంగార్ బేకరీకైనా సాయంత్రం ఐదు తర్వాత వెళ్లి చూడండి, పొద్దున్నే అడిగితే బన్నులే చూపిస్తారు. అప్పటికీ దొరక్కపోతే హాట్ చిప్స్ షాపులో ఉప్పు వేసిన బంగాళాదుంప చిప్స్ నలిపి చల్లండి. అది కూడా బావుంటుంది, ఉప్పు మాత్రం ముందే తగ్గించుకోవాలి.

నైట్ డ్యూటీ నాన్న:

కూర్చుని కాఫీ తాగారు చూడండి, అదీ లెక్క.

లంచ్ బాక్స్ గురించి: రాత్రి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఉంటేనే. వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవులు విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. చికెన్ కూడా ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్త. లోతు గిన్నెలో అలాగే పెట్టకుండా వెడల్పు డబ్బాలో పలచగా పరిచి పెడితే త్వరగా చల్లారుతుంది. పొద్దున్న రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టి, మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చెయ్యండి. అయినా ఆరేళ్లవాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి తింటాడు, ఆ బాక్స్ నాలుగైదు గంటలు బ్యాగులో వెచ్చగా ఉంటుంది. నేనైతే వాడికి పెట్టను. దాన్ని మీరు ఆఫీసుకి పట్టుకెళ్లండి, ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, మైక్రోవేవ్ ఉంటుంది. వాడికి పెరుగన్నం కట్టండి.